బొమ్మ నోటికి తొలిముద్ద

శ్రావణ శుద్ధ తదియ

నర్సు ఎస్తేరు రోజూ ఏదో ఒకటి రాయమంది. నెమ్ము జ్వరం తగ్గాక కొందరికి పేర్లు, కొందరికి దారులు మరుపున పడుతున్నాయట. రాస్తూ ఉంటే నాలోంచి ఏది జారిపోతోందో తను కనిపెడుతుందట. రాయడానికి మా మెట్ట మీద కాగితమెక్కడుంది? ఉన్నా వారం బతకదు, బూజు తినేస్తుంది. చివరికి పాత ఫ్లెక్సీ ఒకటి ముక్కలుగా కోసి, గీరుకోవడానికి ఒక మేకు ఇచ్చి వెళ్ళింది. వెనక్కి తిప్పి చూస్తే ఎవరో నాయకుడి నవ్వు. ముఖమంతా వెలిసిపోయింది గానీ పళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన పళ్ళ వెనక నా గోడు రాసుకుంటున్నాను.

నా పేరు మంగతాయారు. గుడ్డ మీద కలంతో బొమ్మలు వేయడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆ పనికి ఎండ కావాలి, పారే నీళ్ళు కావాలి, వణకని చెయ్యి కావాలి. నీళ్ళకేమీ లోటు లేదు, మెట్ట చుట్టూ కనుచూపు మేర అవే. ఎండ నా చిన్నప్పుడే పోయింది. ఎండలు మండిపోతున్నాయని ఆకాశంలో ఏదో పొడి చల్లారు. ఎండ తగ్గింది, వాన ఆగలేదు. ఇక చెయ్యి. అది మొన్న మొన్నటి వరకూ ఉండేది, దాన్ని జ్వరం పట్టుకుపోయింది.

ఇవాళ ఆరుగదిలో బట్టలు ఆరేసుకునే వంతు మాది. మెట్ట మొత్తానికి పొడిగా ఉండేది ఆ గది ఒక్కటే. ఊక పొయ్యి వేడికి అక్కడి గోడలు కూడా వెచ్చగా ఉంటాయి. మా అన్నయ్య భార్య వీరవేణి వదిన, మా ఇద్దరి చీరలూ దుప్పట్లూ మోసుకొచ్చింది. నేను చంకలో పెట్టుకొచ్చిన బొమ్మల గుడ్డ చూసి ఆరుగది మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"బట్టలకే చోటు చాలట్లేదండి తాయారమ్మగారూ. బొమ్మలెక్కడ ఆరెయ్యమంటారు?" అన్నాడు.

పోట్లాడాను. పోట్లాడితే దగ్గొచ్చింది. అతను అటు తిరిగి నిలబడ్డాడు. గుడ్డ తడితడిగానే ఇంటికొచ్చింది. ఇంటికొచ్చాక కూర్చుని ఏడ్చాను.

శ్రావణ శుద్ధ ద్వాదశి

కలం నిలవడం లేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నా, మోచెయ్యి బల్లకు కట్టేసుకున్నా గీత వంకర పోతూనే ఉంది. ఒళ్ళు మండి కలం విసిరికొట్టాను. సన్నటి వెదురు గొట్టం ఒకటి పళ్ళ మధ్య బిగించి, రంగును గుడ్డ మీదికి ఊదాను. చెయ్యి వణికినట్టు మెడ వణకదు. తుంపర అనుకున్నచోటే పడింది. అయితే ఈ గాలిలో రంగు ఆరితేగా, కాసేపటికే పాకి మురికి మరకై కూర్చుంది. ఇనుప ముక్కల్ని బెల్లంలో ఊరబెట్టి చేసుకున్న నల్లరంగు కుండలో అడుగంటుతోంది. దాన్ని దండగ చేయడం ఎందుకని, ఊదడం అలవాటయ్యేదాకా గంజితో సాధన చేద్దామనుకున్నాను. ఒక చెంప ఊదాను, ఒక చెవి ఊదాను, చిరాకేసి గుడ్డ మూల పడేశాను.

ఇవాళ పొద్దున్న దాన్ని విప్పి చూస్తే గంజి పడినంత మేరా బూజు లేచి ఉంది. పడనిచోట గుడ్డ తెల్లగానే ఉంది. బూడిదరంగు చెంప, నల్లటి చెవి. ఒక్క గీత లేదు, అయినా చెవి చెవిలాగే ఉంది. నాన్న చూస్తే ఏమనేవాడో.

"వదినా, ఒకసారి ఇలా రా!" అని కేకేశాను.

వదిన వచ్చి కొంగుతో ముక్కు మూసుకుంది. "ఛీ ఛీ, ఇటివ్వు, ఉతికి పడేత్తాను."

"ముట్టుకున్నావంటే నిన్ను ఉతుకుతాను."

చాలా రోజులకు ఇద్దరం నవ్వుకున్నాం.

శ్రావణ బహుళ పంచమి

పని దారిలో పడింది. చిక్కటి గంజికి నల్లబూజు వస్తుంది, పల్చటి గంజికి బూడిదరంగుది. ఒక బొట్టు బెల్లం నీళ్ళు కలిపితే ఆకుపచ్చ తేలుతుంది. నుదుటి మీద ఆ పచ్చ కాస్త తగిలితే వెలుగు పడినట్టు ఉంటుంది. కావలసినంత పెరిగాక పటిక నీళ్ళలో ముంచిన దూదితో అద్దుతాను, అక్కడికి ఆగిపోతుంది. ఇదివరకు రంగు గుడ్డను వదలకుండా ఉండటానికి పటిక వాడేదాన్ని. ఇప్పుడు ప్రాణం ఉన్నదాన్ని ఆపడానికి వాడుతున్నాను. బొమ్మకు తిండి పెట్టడం, చాలనిపించినప్పుడు మాన్పించడం, ఇప్పుడు నా పనల్లా అంతే.

వదిన తనూ ఊదుతానని సరదా పడింది. అదే గొట్టం కడిగిచ్చాను. అదే గంజి. నాలుగు రోజులు చూశాం, ఆవిడ ఊదినచోట ఏమీ రాలేదు, గంజి పులిసి వాసనేసింది.

"నీ ఊపిరి చలవ అది. నాకెక్కడొత్తుంది?" అంది.

చెప్పొద్దూ, పొంగిపోయాను.

మొదటి పూర్తి ముఖం అన్నయ్యది వేశాను. ఉప్పెన రోజు ఇళ్ళ కప్పుల మీద చిక్కుకున్నవాళ్ళను తేవడానికి పడవ వేసుకుని వెళ్ళాడు. రెండుసార్లు జనంతో తిరిగొచ్చాడు, మూడోసారి రాలేదు. ఆయన ఫొటోలన్నీ ఫోన్లలో ఉండేవి, ఆ ఫోన్లు ఎప్పుడో చచ్చాయి. ముఖం చూసి ఎన్నేళ్ళయిందో. గుడ్డను వదిన చాప పక్క గోడకు తగిలించాను. ఆవిడ ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది.

"కళ్ళు కూసింత పెద్దవయ్యాయి," అంది.

"తగ్గిస్తాను."

"వద్దు, వద్దు. నన్ను బాగా చూత్తారు, ఉండనీ."

భాద్రపద శుద్ధ దశమి

పెద్దల అమావాస్య దగ్గరికొస్తోందని జనం వరస కట్టారు. అందరికీ ముఖాలు కావాలి. మూడు రోజుల కిందట పడవ తాతారావు వచ్చాడు. భార్య చిన్నమ్మలును ఉప్పెనలో పోగొట్టుకున్న మనిషి. మెట్టకు బియ్యం, ఊక మోసుకొచ్చేది ఆయన పడవే.

"ఎలా ఉండేదండి ఆవిడ?" అని అడిగాను.

"బాగుండేదండి."

"బాగుండటమంటే? ముక్కూ ముఖం చెప్పండి."

"ఏం చెప్పమంటారండి? ఎప్పుడూ ఏదో చెప్పబోయి ఆగిపోయేదండి. నేను కోపిష్టోణ్ణి గదా. ఎందుకులే అని మింగేసేది." అని తల దించుకున్నాడు. "ఆ మొకం వెయ్యండి ఆయ్. చెప్పబోయే మొకం."

పెదాలు రవ్వంత విడిచిపెట్టి ఊదాను. మూడో పొద్దుకు చిన్నమ్మలు వచ్చేసింది. వచ్చేసింది అని ఎందుకంటున్నానంటే, నేను వేసినట్టు నాకు అనిపించడం లేదు. సాయంత్రం గుడ్డ మీద తడి తప్ప ఏమీ ఉండదు. పొద్దున్న లేచేసరికి గదిలో ఒక మనిషి మనవైపు చూస్తూ ఉంటుంది. ఆవిడ ఎడమ కనుబొమ మీద మచ్చ ఒకటి తేలింది. అది నేను ఊదలేదు. తాతారావు ఆ మచ్చ చూసి గుడ్డ ముందు కూలబడి గుండెలు బాదుకున్నాడు. నాకు భయం వేసింది. ఆ భయంలో సంతోషం కూడా ఉంది, అది దాచడమెందుకు.

భాద్రపద అమావాస్య

పూర్వం ఈ రోజు పెద్దలకు విస్తరి వేసి, తొలిముద్ద తీసుకెళ్ళి కాకికి పెట్టేవారు. కాకి ముట్టుకుంటే పెద్దలు తిన్నట్టే. ఈ వానలో కాకులు బతకలేదు. ఇన్నేళ్ళూ ఆ ముద్ద నీళ్ళలోకి విసిరి, చేపలు తింటే చాలనుకున్నాం. ఈసారి ఇంటింటా ముఖం ఉంది కదా, ముద్ద తిన్నగా బొమ్మ పెదాలకే ఆనించారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరూ చెప్పకుండానే అందరూ అదే చేశారు.

వదిన చేమదుంపల పులుసు కలిపి ముద్ద చేసింది, అన్నయ్య నోటికి ఆనించి కాసేపు అలాగే పట్టుకుంది. గంజితో మొలిచిన పెదాల మీద మెత్తటి అన్నం మెతుకులు రెండు అంటుకున్నాయి. తుడవబోతే నా చెయ్యి పట్టుకుంది.

"తిననీవే."

ఆశ్వయుజ శుద్ధ సప్తమి

తాతారావు గుమ్మంలో నిలబడి గుసగుసగా పిలిచాడు. "తాయారమ్మగారూ, చిన్నమ్మలు నోరు తెరుత్తుందండి."

వెళ్ళి చూశాను. నిజమే. రవ్వంత విడిచిన పెదాల మధ్య నలుపు పెరిగింది, కింది పెదవి దిగింది. ముఖమంతా నేను ఆపినచోటే ఆగి ఉంది, నోరు ఒక్కటే పెద్దదవుతోంది. అన్నం తగిలి పటిక పట్టు పోయిందని నాకు అర్థమైంది. దూది తీసి అద్దబోయాను. ఆయన అడ్డం పడ్డాడు.

"వద్దండి. ఇన్నేళ్ళకు చెప్పబోతుంది. మళ్ళీ నోరు మూయించేత్తారా?"

"ముద్ద పెట్టడం మానండి. అన్నానికి బూజు పెరుగుతోంది, అంతే."

"రోజూ పెడతన్నానండి. మానను."

మిగతా ఇళ్ళూ తిరిగాను. అన్ని బొమ్మలూ నోళ్ళు తెరుస్తున్నాయి. అమావాస్య దాటినా అందరూ రోజూ తినిపిస్తూనే ఉన్నారు. నన్ను కూర్చోబెట్టి మర్యాదలు చేస్తున్నారు, మా అమ్మ నవ్వుతోందండి అంటున్నారు. అది నవ్వులా నాకు కనిపించలేదు. ఇంటికొచ్చేసరికి వదిన అన్నయ్య ముందు కూర్చుని, అరచేతిలో ముద్ద ఊదుకుంటూ చల్లారుస్తోంది. ఆయన నోట్లో వేలు పట్టేంత చీకటి ఉంది.

ఆశ్వయుజ బహుళ తదియ

నెమ్ము జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి వరసగా రాలేదు, ఇళ్ళు ఏరుకున్నట్టు వచ్చింది. ఎస్తేరు గోడవైపు తిరిగి ఆలోచిస్తూ కూర్చునేది, ఇవాళ తిన్నగా నా దగ్గరికి వచ్చి, "గాజుపలక మీద ఉమ్మెయ్యి, తాయారూ," అంది. మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ స్నేహం, ఆవిడ మాటకు ఎదురు చెప్పను. జ్వరంతో పడి ఉన్న తాతారావు కళ్ళె, చిన్నమ్మలు నోటి దగ్గర గీకిన పొడి, నా ఉమ్మి. మూడూ పక్కపక్కన పెట్టి, పాత సూక్ష్మదర్శినిలో నన్నే చూడమంది.

మూడూ ఒకటే. నల్లటి చిన్న గుండ్లు, వాటికి తోకలు.

"మెట్ట మీద ఏ గోడ గీకినా ఇది లేదు," అంది. "ఇది నీ గుండెల్లోది. జ్వరం దిగింది గానీ బూజు నీలో ఉండిపోయింది. నువ్వు ఊదినప్పుడల్లా గంజితో పాటు అదీ వెళ్ళింది. పటిక ఉన్నంతసేపు నిద్రపోయింది. వీళ్ళు అన్నం పెట్టి లేపారు."

నీ ఊపిరి చలవ అన్న వదిన మాట గుర్తొచ్చి అరచేత్తో నోరు మూసుకున్నాను.

"మూతికి గుడ్డ కట్టుకో, తాయారూ. మనిషి ఎదురుగా ఉంటే నోరు తెరవకు. ఆ గొట్టం నాకిచ్చెయ్యి."

ఇచ్చేశాను.

ఆశ్వయుజ బహుళ నవమి

తాతారావు పోయాడు. పిలిస్తే వెళ్ళాను. గోడ నుంచి గుడ్డ తీయించి గుండెల మీద పరచుకుని పడుకున్నాడట. చిన్నమ్మలు నోటి దగ్గర గుడ్డ పూర్తిగా తినేసి, అరచేయంత చిల్లు పడింది. కదిపితే ఆ చిల్లు అంచు నుంచి సన్నటి పొడి లేచింది. ఎస్తేరు అందరినీ గదిలోంచి తరిమేసింది.

అన్ని బొమ్మలూ ఆరుగది పొయ్యిలో వేయాలని నిర్ణయమైంది. నన్ను కొడతారనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఒక్కొక్కరూ చుట్ట చుట్టిన గుడ్డ చంకలో పెట్టుకుని నా ముందు నుంచే వెళ్ళారు. ఒకావిడ మాత్రం ఆగి, "మళ్ళీ ఏదో ఒక రకంగా వేత్తారు గదండీ?" అని అడిగింది. తల ఊపాను. అలా తల ఊపినందుకు నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

అన్నిళ్ళవీ వచ్చాయి, మా ఇంటిది తప్ప.

కార్తీక శుద్ధ పాడ్యమి

వదినకు దగ్గు మొదలైంది. ఇంకా జ్వరం రాలేదు. ఇప్పుడే ఆ పొడి పీల్చడం ఆపితే గండం గడుస్తుందని, ఇంకో వారం ఆగితే తన చేతిలో ఏమీ లేదని ఎస్తేరు నాతో చెప్పింది.

"వదినా, దాన్ని తీసెయ్యాలి," అన్నాను.

"దాన్ని అంటావేంటే? మీ అన్నయ్యని."

"నీకు దగ్గొస్తోంది."

"ఈ వానలో దగ్గనోళ్ళెవరు?"

"తాతారావు ఏమయ్యాడో చూశావుగా."

"పెళ్ళాం మొకం చూసుకుంటా పోయాడు," అంది వదిన. "మీ అన్నయ్య ఎవరి మొకం చూసుకుంటా పోయారో చెప్పు. ఆ రోజు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది. రెండు మెతుకులు తిని ఎల్లండి అన్నాను. వచ్చి తింటానన్నారు. నేనింకా పెట్టలేదే ఆయనకి."

"ఆయన తినడం లేదు వదినా. ఆ బూజు నాది. నా రోగం."

"నీది అయితే మాత్రం? ఆయన చెల్లెలివేగా."

మూతిగుడ్డ లోపల నా కన్నీళ్ళు పెదాల దాకా వచ్చాయి. మళ్ళీ వేస్తానని చెప్పాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. చెయ్యి లేదు, ఇక ఊపిరి కూడా లేదు.

కార్తీక శుద్ధ చవితి

ఇవాళ బొమ్మవైపు వీపు పెట్టి కూర్చుని, అన్నయ్య ముఖం మనసులో తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. ఆయన గొంతు వచ్చింది, పడవ తాడు లాగే చేతులు వచ్చాయి. ముఖం ఉండాల్సినచోట తడి గుడ్డ. వెనక్కి తిరిగి చూస్తే గాని తెలియలేదు. కళ్ళు పెద్దవి, నోరు ఇంత తెరిచి ఉంది. మరుపు గురించి ఎస్తేరు భయపడ్డది ఇదే. ఆ గుడ్డ తగలబెడితే వదినకే కాదు, నాకూ ఆయన లేనట్టే. ఈ సంగతి ఎస్తేరుకు చెప్పలేదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను.

వదిన దగ్గులో ఇవాళ నల్ల జీర కనిపించింది.

కార్తీక శుద్ధ పంచమి

పొద్దున్న వదిన ఆవిరి పట్టించుకోవడానికి ఎస్తేరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మలుపు తిరిగేదాకా చూసి గుడ్డ దించాను. వద్దనుకుంటూనే ఒకసారి ఎదురుగా పట్టుకుని చూశాను, కళ్ళు, కనుబొమలు, చెవులు, అన్నీ. ఎంతసేపు చూసినా చాలలేదు. చుట్ట చుట్టి తీసుకెళ్ళాను.

ఆరుగది మేస్త్రి మాట్లాడకుండా పొయ్యి తలుపు తెరిచాడు. గుడ్డ తడిగా ఉండి వెంటనే అంటుకోలేదు. బుసబుసమని ఆవిరి వచ్చింది, తర్వాత అంచులు ఎర్రబడ్డాయి. అక్కడే ఉండి చూశాను. అన్నయ్యా అని పైకే పిలిచాను. మేస్త్రి కళ్ళు తుడుచుకుని ఊక ఎగదోశాడు.

వదిన మధ్యాహ్నం వచ్చింది. గోడ చూసింది. గుడ్డ వేలాడిన మేర గోడ పాలిపోయి ఉంది. అరుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. వాకిట్లో కాళ్ళు కడుక్కుని పొయ్యి దగ్గర కూర్చుని చేమదుంపలు తొక్క తీసింది. నేను దూరంగా, గుమ్మం పక్కన, మూతికి గుడ్డ బిగించుకుని కూర్చున్నాను.

అన్నం వడ్డించింది. పులుసు కలిపింది. తొలిముద్ద చేసి అలవాటుగా లేచి గోడ దగ్గరికి నడిచింది. అక్కడికి వెళ్ళాక చెయ్యి పైకి ఎత్తి ఆగిపోయింది. ఆ చెయ్యి అలా గాలిలో ఉండటం చూడలేక నేను కళ్ళు దించుకున్నాను.

అడుగుల చప్పుడు నావైపు వచ్చింది. వదిన నా ఎదురుగా గొంతుకు కూర్చుంది. ఎడమచేత్తో నా మూతిగుడ్డ మెల్లగా కిందికి లాగింది. దూరం జరగబోయాను, వెనక గోడ ఉంది. నా ముఖంలోకి చూస్తూ, నా పెదాల దగ్గర ఆవిడ కళ్ళు నిలిచిపోయాయి.

"నీ మూతి అచ్చం ఆయనదేనే తాయారూ," అంది. "ఇన్నేళ్ళూ ఒక్క ఇంట్లో ఉండి చూడనేలేదు నేను."

ముద్ద నా పెదాలకు ఆనించింది. వేడిగా ఉంది. ఆవిడ ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది, ఆవిడ ఊపిరి నాకు తగులుతోంది.

"తినండి," అంది.

ఊపిరి బిగబట్టి నోరు తెరిచాను.